కొంగల కుంటలో నీళ్లు లేవు

సోమవారం నుంచి మీరు ముగ్గురూ నా సీటు దగ్గర కూర్చుంటారు. పని అప్పగించేటప్పుడు రాయాల్సిన కాగితం నాలుగు పేజీలు రాసి మా సార్‌కి ఇచ్చాను. ఏ టేపు ఏ బీరువాలో ఉంది, ఏ ఉపగ్రహం బొమ్మ ఏ నెలలో తీసింది, రెండో బీరువా తాళాన్ని కాస్త పైకెత్తి తిప్పితే గాని రాదన్న సంగతి, అన్నీ అందులో ఉన్నాయి. అందులో పట్టనిది ఇక్కడ రాస్తున్నాను.

అడవి పటం ఫైలు తెరిచినప్పుడు మీకు ఒక వింత కనిపిస్తుంది. వాగుల పేర్లు, ఊళ్ల పేర్లు, దారుల పేర్లు ఉన్న చోటే, అడవి నడిబొడ్డున, ‘కొంగల కుంట’ అని ఒక పేరు ఉంటుంది. దాని పక్కన నీళ్ల గుర్తు ఉండదు. పాత పటాలన్నీ వెతికినా అక్కడ కుంట ఉన్నట్టు ఎక్కడా దొరకదు. మీలో చురుకైనవాళ్లు అది పొరపాటని గ్రహించి తుడిచేస్తారు. అది పొరపాటే. నాదే. అయినా తుడిచేముందు ఇది చదవండి.

ఉద్యోగ జ్ఞాపకాలు మామూలుగా జుట్టు నెరిసి, శాలువా కప్పించుకుని, ఇంటికి వెళ్లినవాళ్లు రాస్తారు. నాకింకా ఇరవై ఆరు దాటలేదు, శాలువా సంగతి ఎవరూ ఎత్తలేదు. కాలేజీలో భూగోళం పాఠాలు చెప్పే ఉద్యోగం వచ్చింది, వెళుతున్నాను. అరవై మంది ముందు రోజూ నోరు విప్పి మాట్లాడాలట. నన్ను ఎరిగినవాళ్లంతా ఈ వార్త విని నవ్వారు. మూడేళ్లలో నేను ఈ ఆఫీసులో గట్టిగా మాట్లాడింది ఒక్కసారే. అది కూడా ఆఫీసులో కాదు, అడవిలో.

అప్పుడు మన ఆఫీసు ఈ అద్దాల భవనంలో లేదు. మాదాపూర్‌లో ఒక కిరాయి ఇంట్లో ఉండేది. హాల్లో కంప్యూటర్లు, పడకగదిలో మా సార్, వంటగదిలో ప్లాటర్. పటాలను పెద్ద కాగితం మీద ముద్రించే ఆ యంత్రానికి పొడవైన చోటు కావాలి, వంటగట్టు ఒక్కటే దానికి సరిపోయింది. కిటికీలోంచి చూస్తే ఎదురుగా ఆ గుండ్రటి పెద్ద భవనం ఇంకా ఇనప చువ్వలతో లేస్తూ ఉండేది. మధ్యాహ్నం బండలు పేల్చేవాళ్లు. పేల్చే ముందు విజిల్ ఊదేవాళ్లు. విజిల్ వినబడగానే మేం చేస్తున్న పని సేవ్ చేసుకుని, చేతులు కట్టుకుని కూర్చునేవాళ్లం. ఎందుకంటే పేలుడుకి ఒక్కోసారి కరెంటు పోయేది.

ప్లాటర్ చూసుకునే అమ్మాయి నాకు స్నేహితురాలు. సరిగ్గా చెప్పాలంటే ఆమె నాకు స్నేహితురాలైంది, నేను ఊరుకున్నాను. ఆమెది ఆ పక్క ఊరే. ఆ బండల మధ్యే వాళ్ల బర్రెలు మేసేవట.

“ఆ గుట్టకు పేరుండె తెలుసా?” అంది ఒకసారి కిటికీ దగ్గర నిలబడి. “పిట్టల గుట్ట. ఆ పక్కది దొంగ బండ. ఇప్పుడు ఎవర్నన్న అడుగు, ఫేజ్ వన్, ఫేజ్ టూ అంటరు. దొంగ బండల ఏం తక్కువైందో!”

ఆ మాట ఆ రోజే డైరీలో రాసుకున్నాను. వ్యవసాయ శాఖలో పనిచేసే మా నాన్నకి ఎరువుల వాళ్లు ఏటా ఇచ్చే డైరీ అది. ప్రతి పేజీ అడుగున రైతుకి ఒక సలహా ఉంటుంది. మా ఇల్లున్న చందానగర్ నుంచి ఆఫీసు దగ్గరి కొత్తగూడ దాకా బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే పుస్తకం చదివేదాన్ని, దొరక్కపోతే ఆ సలహాలు చదివేదాన్ని. వరికి జింకు ఎప్పుడు వేయాలో ఇప్పటికీ నాకు నోటికి వచ్చు.

ఇక పని సంగతి. మెదక్ వైపు ఉన్న ఒక అడవిలో, ఎండాకాలం నిప్పు అంటుకుంటే ఎక్కడ ఎంత మండుతుందో ముందే చెప్పే పటం చేయాలి. నిప్పు అంటించేది ఎవరన్నది మన చేతిలో లేదు. కానీ నిప్పుకి తిండి ఎక్కడెక్కడ ఉందో, అంటే ఎండు గడ్డి, రాలిన ఆకు, వెదురు, తుప్పలు ఎంతెంత ఉన్నాయో ఉపగ్రహం బొమ్మ చూసి అంచనా వేయవచ్చు. మనం కంప్యూటర్‌కి కొన్ని నమూనాలు చూపిస్తాం. ఇది గడ్డి, ఇది టేకు, ఇది నీళ్లు అని. అది మిగతా బొమ్మంతా వెతికి, ఆ నమూనాలకు దగ్గరగా ఉన్న చోట్లకు ఆ రంగులే వేస్తుంది. మంచి శిష్యుడు. మనం ఎంత తెలివైనవాళ్లమో అదీ అంతే తెలివైనది.

నీళ్ల నమూనా నేను అడవి అంచున ఉన్న పెద్ద చెరువు నుంచి తీసుకున్నాను. నీళ్లు వెలుతురును మింగేస్తాయి కాబట్టి బొమ్మలో నల్లగా కనిపిస్తాయి. కంప్యూటర్ కాసేపు గుర్రుమని, అడవి లోపల మరో తొమ్మిది చోట్ల నీళ్లున్నాయని చెప్పింది. చిన్న చిన్నవి. ఒక్కొక్కటి నాలుగైదు చుక్కలకు మించదు.

మార్చి నెల బొమ్మ అది. చుట్టూ ఎండిపోయిన అడవి. మధ్యలో ఎవరికీ తెలియని తొమ్మిది కుంటలు! నా సంతోషం మీకు ఎలా చెప్పను? నేను అప్పటికి ఒక్క అడవిలోకీ వెళ్లలేదు. అడవులన్నీ పుస్తకాల్లో చూసినవే. ఆ కుంటల గట్ల మీద ఏముంటాయో, పొద్దున ఎవరు నీళ్లు తాగడానికి వస్తారో, నాకు బస్సులో కూర్చుంటే కనిపించేది. ఆ రోజు డైరీలో ఇలా ఉంది: “ఇవాళ తొమ్మిది కుంటలు దొరికాయి. పేర్లు పెట్టాను.”

అవును, పేర్లు పెట్టాను. కొంగల కుంట, అద్దం కుంట, జింకల మడుగు, నెమలి గుంట, నీడల కుంట, మబ్బు మడుగు. ఒకటి మా చిన్నమ్మ చెవి దిద్దులా ఉందని చిన్నమ్మ కుంట. దొరికింది సోమవారం కాబట్టి ఒకటి సోమవారం కుంట. తొమ్మిదో దానికి ఎంతకీ తోచక చివరికి చివరి కుంట.

డైరీలో ఉంటే గొడవే లేదు. ఫైల్లో ప్రతిదానికీ గుర్తుగా ఏదో ఒకటి రాయాలి, లేకపోతే అది ముందుకు కదలదు. అందరూ ఒకటి, రెండు, మూడు అని వేస్తారు. నేను ఎవరూ చూడరు కదా అని ఇంగ్లీషు అక్షరాల్లో ఈ పేర్లు కొట్టాను. తరవాత తీసేద్దాం అనుకున్నాను. మన పనిలో ‘తరవాత తీసేద్దాం’ అన్న మాట మీకు ఎప్పుడు తోచినా లేచి వెళ్లి మొహం కడుక్కుని రండి.

ఇంకొక మాట కూడా ఒప్పుకోవాలి. అదే అడవి చలికాలం బొమ్మ రెండో బీరువాలో ఉంది. నిజంగా నీళ్లయితే ఆ బొమ్మలోనూ అక్కడ నల్లగానే ఉండాలి. పక్కపక్కన పెట్టి చూడటానికి పావుగంట పడుతుంది. తాళం సరిగా రాదని నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి, నాకు చూడాలనిపించలేదు.

మా సార్ పటాన్ని సరిచూసే పద్ధతి మీకు ఇప్పటికే తెలిసి ఉంటుంది. కళ్లజోడు నుదుటి మీదకి తోసి, ముక్కు తెరకి ఆనేదాకా వంగి చూస్తారు. కుంటల దగ్గర ఆగారు.

“బాగుందమ్మా. పాత సర్వే పటంలోంచి పేర్లు కూడా ఎక్కించావే! ఎవరు చెప్పారు?”

నేను తల ఊపాను. అవుననా, కాదనా అన్నది ఆ తల ఊపులో లేదు. సిగ్గుపడేవాళ్ల తల ఊపులన్నీ అలాగే ఉంటాయి. ఆయన ముచ్చటపడి వెళ్లిపోయారు. ఒకటి, రెండు, మూడు అని ఉండి ఉంటే ఆయన తప్పకుండా అడిగేవారు. ఎండాకాలంలో ఇక్కడ నీళ్లెక్కడివి అని నిలదీసేవారు. పేరు ఉంది కాబట్టి అడగలేదు. పేరున్న కుంటని ఎవరు అనుమానిస్తారు?

పటం ముద్రించే రోజు నేను జ్వరంతో ఇంట్లో ఉన్నాను. మర్నాడు పొద్దున ఆఫీసుకి వచ్చేసరికి జీపు వాకిట్లో ఉంది. పటాన్ని అటవీ శాఖకి అప్పగించడానికి సార్, నేను, అడవి చూడాలని పట్టుబట్టి సెలవు పెట్టకుండానే తయారైన ప్లాటర్ అమ్మాయి, ముగ్గురం వెళ్లాలి. చుట్టిన పటం నా ఒళ్లో పెట్టారు. బాలానగర్ కార్ఖానాల మధ్య ట్రాఫిక్‌లో జీపు ఆగినప్పుడు ఆమె చెవిలో అంది:

“మీ అడివిల పేర్లు మస్తుగున్నయే. చిన్నమ్మ కుంటంట. మా ఊర్ల కూడా గంత మంచి పేరు లేదు.”

“ముద్రించావా?” అన్నాను.

“ముద్రించకుండ? పెద్ద అక్షరాలతోని ఏసిన. సార్ చెప్పిండు, నీళ్లు బాగ కనబడాలె అని. గదేంది, మొహం గట్ల పెట్టినవ్?”

“ఏం లేదు.”

“జ్వరం తగ్గలేదా?”

తగ్గింది. కానీ నర్సాపూర్ దారిలో సగం దూరం వరకూ నాకు ఒళ్లు వెచ్చగానే ఉంది. ముందు సీట్లో ఉన్న సార్ వీపు చూస్తూ పదిసార్లు నోరు తెరిచాను. పదిసార్లూ ఏదో లారీ అడ్డొచ్చింది. చివరికి నాకు నేను సర్దిచెప్పుకున్నాను. పేర్లు మాత్రమే అబద్ధం, నీళ్లు నిజమే కదా. దాహం వేసినవాడికి కుంట పేరుతో ఏం పని?

రేంజి ఆఫీసు చిన్న పెంకుటిల్లు. రేంజర్ గారు మీసాలు దువ్వుకున్నంత శ్రద్ధగా ఫైళ్లు దువ్వి పెట్టుకునే మనిషి. పటాన్ని బల్ల మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు టీ గ్లాసులు పెట్టి, వేలితో ఒక్కొక్క పేరూ చదివారు. ఆయన మొహం వెలిగిపోయింది.

“తొమ్మిది చోట్ల నీళ్లా! ఇంతకాలం మేం ట్యాంకర్ కోసం పరేషాన్ అయితున్నం. ఇగ ఈసారి నిప్పు కాపలా గుడిసెలన్నీ ఈ కుంటల పక్కకే వేయిస్త. తాగనీకి నీళ్లు, మంట మీద కొట్టనీకి నీళ్లు. ట్యాంకర్ ఎందుకు?”

అప్పుడు గోడకి ఆనుకుని నిలబడిన మనిషి ముందుకు వచ్చాడు. ఎండాకాలం అడవికి నిప్పు కాపలా కాసే వాచర్. ప్రతి ఏడూ నాలుగు నెలలు పెట్టుకుంటారు. ఆయన్ని ముప్పయ్యేళ్లుగా పెట్టుకుంటున్నారట. ఎండిన చింతబరికెలా సన్నగా, పొడుగ్గా ఉన్నాడు.

“కొంగల కుంట అంటిరి. ఏడున్నది సార్ అది?”

“ఇగో, పెద్ద వాగు దాటినంక.”

“పెద్ద వాగు దాటినంక కుంట లేదు సార్.”

“పటంల ఉన్నది.”

“నేను సూడలే సార్.”

రేంజర్ గారు తల ఎత్తారు. “ముప్పయేండ్ల సంది తిరుగుతున్న అంటవు. తొమ్మిది కుంటలున్నయి. ఒక్కటి ఎరుక లేదా నీకు? పైనుంచి చూసినోళ్లకు కనబడ్డది, కిందున్న నీకు కనబడలే? అడివిల తిరుగుతున్నవా, చెట్టు కింద పండుకుంటున్నవా?”

వాచర్ పటం మీదికి వంగి చూశాడు. ఆయనకి చదవడం రాదు. నీలం మచ్చలను చూశాడు. వేలు పెట్టబోయి, మురికి అవుతుందని వెనక్కి తీసుకున్నాడు.

“ఏమో సార్,” అన్నాడు చివరికి. “పైకెంచి చూసింది కదా. నాకే ఎరుక లేదేమో.”

“ఈ ఏడు నువ్వు గేటు కాడ కూసో. లోపలికి వేరేవాళ్లను పంపుత.”

ఆ క్షణం వరకూ నా భయం నా గురించే. సార్ ఏమంటారు, ఉద్యోగం ఉంటుందా, అమ్మ ఏమంటుంది. ఆ ముసలాయన వేలు వెనక్కి తీసుకోవడం చూశాక భయం మారిపోయింది. కానీ నోరు మాత్రం అప్పటికీ రాలేదు. నోరు తెరిచేలోపు మా సార్ ఉత్సాహంగా, “ఒకసారి వెళ్లి చూసొద్దామండి, దగ్గరే కదా” అన్నారు. అందరం బయల్దేరాం.

పెద్ద వాగు దాకా జీపు, అక్కడినుంచి నడక. ముందు వాచర్, వెనక రేంజర్ గారు, ఆ వెనక పటం పట్టుకుని సార్. ఆఖర్న మేమిద్దరం. నేను వెళ్లిన మొదటి అడవి. ఒక్క ఆకు లేదు చెట్ల మీద. అన్నీ కిందే ఉన్నాయి. టేకాకులు మోకాళ్లలోతున పడి ఉన్నాయి. అడుగు వేస్తే ఊరంతా వినిపించేంత చప్పుడు.

“పైనుంచి గిదంత ఏ రంగుల కనబడతది?” అంది ప్లాటర్ అమ్మాయి.

“బూడిద రంగు.”

“గంతేనా? గీ సప్పుడు కనబడదా?”

అరగంట నడిచాక వాచర్ ఆగాడు. చేయి చాపి, “పటంల చెప్పిన జాగ గిదే సార్” అన్నాడు.

నీళ్లు లేవు. పది పదిహేను ఇప్పచెట్లు గుంపుగా ఉన్నాయి. వాటి కింద నేలంతా నల్లగా కాలి ఉంది. ఆ నలుపు మీద అక్కడక్కడ లేత పసుపు రంగు ఇప్పపూలు రాలి, ఎవరో ముగ్గులో చుక్కలు పెట్టినట్టు ఉన్నాయి.

నాకు ఒక్కసారిగా అంతా అర్థమైంది. నీళ్లలాగే కాలిన నేల కూడా వెలుతురును మింగేస్తుంది. బొమ్మలో అదీ నలుపే. నేను కంప్యూటర్‌కి నలుపంటే నీళ్లని నేర్పాను. మంచి శిష్యుడు.

వాచర్ మొహం విప్పారింది. “గిదా సార్! గిది మేము ఊరోళ్లం కాల్చిందే. ఇప్పపూలు రాలే ముందట చెట్ల కింద ఆకు ఊడ్చి, చుట్టు గీత గీసి, జరంత కాలుస్తం. లేకుంటే పువ్వు ఆకుల పడి దొరకది. గిసొంటివి ఇంక ఎనిమిది ఉంటయి అడివిల.”

కథ ఇక్కడ అయిపోవాలి. నీళ్లు లేవని అందరికీ కళ్ల ముందే కనిపిస్తోంది. కానీ పేరు ఎంత మొండిదో చూడండి.

రేంజర్ గారు బూటుతో బూడిదను కదిపి, “ఒకప్పుడు కుంట ఉండి ఉంటది. పూడిపోయింది. పూడిక తీస్తే నీళ్లు పడతయి” అన్నారు.

మా సార్ కూడా తల ఊపారు. “పేరుందంటే ఏదో ఆధారం ఉండే ఉంటుందండి. ఊరికే కొంగల కుంట అని ఎందుకంటారు?”

“ఊరికి చెప్పి పూడిక పని పెట్టిస్త. తొమ్మిది చోట్ల.”

ఇద్దరూ వాచర్ వైపు చూశారు. ఆయన తల గోక్కున్నాడు. పాపం, మళ్లీ అనుమానం పట్టుకుంది. “మా తాత కాలంల ఉండె కావచ్చు సార్. కొంగలు... ఏమో, ఉండె కావచ్చు.”

ముప్పయ్యేళ్లు నడిచిన మనిషి, కాలి కింద బూడిద ఉండగా, నేను బస్సులో కూర్చుని ఊహించిన కొంగలను గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తున్నాడు. ఆ పూట నా నోట్లోంచి వచ్చిన గొంతు నాది అనిపించలేదు. ఇప్పచెట్టు మీది పిట్ట ఒకటి లేచిపోయింది.

“ఆ పేరు నేను పెట్టాను సార్!”

అందరూ వెనక్కి తిరిగారు.

“పాత పటంలో లేదు. ఎక్కడా లేదు. నేనే పెట్టాను. కుంట ఎప్పుడూ లేదు. ఈ తాత మొదట చెప్పిందే నిజం.”

సార్ కళ్లజోడు నుదుటి మీద నుంచి ముక్కు మీదకి దానంతట అదే జారింది.

“మిగతా ఎనిమిదో?” అన్నారు రేంజర్ గారు.

“అవి కూడా నేనే.”

“జింకల మడుగు?”

“నేనే సార్.”

“చిన్నమ్మ కుంట?”

“మా చిన్నమ్మ, సార్. చీరాలలో ఉంటుంది.”

ముందుగా నవ్వింది ప్లాటర్ అమ్మాయి. నవ్వకూడదని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది గానీ ఆకుల చప్పుడు కన్నా గట్టిగా వినిపించింది. తరవాత వాచర్. ఆయన నవ్వు పొగాకు దగ్గులా మొదలై, చెట్టుకి ఆనుకునేదాకా సాగింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు.

“ఎంత పరేషాన్ చేసినవమ్మా! నాకు మతి పోయిందనుకున్న.”

“తప్పు నాదే తాతా.”

“ఫికర్ చేయకు. నువ్వే చెప్పినవ్ కదా.”

రేంజర్ గారు నవ్వలేదు. పటం తీసుకుని చూసుకుంటూ నెమ్మదిగా అన్నారు: “ఎల్లుండి నేను గుడిసెలు వేయిస్తుంటిని. నీళ్లుంటయని మనుషులను పంపుతుంటిని. ఏప్రిల్ ఎండల.” అంతే అన్నారు. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే నేను ఈపాటికి మరిచిపోయేదాన్నేమో. తరవాత వాచర్ వైపు తిరిగి, “ఇగ నువ్వే చూపించు. నిప్పుకు తిండి ఏడెక్కువున్నదో ఈ పిల్లకు చూపించు. గేటు సంగతి మర్చిపో” అన్నారు.

ఆ మధ్యాహ్నం నేను నేర్చుకున్నది మూడేళ్ల ఉద్యోగంలో సగం. వాచర్ తాత నేల చూసి కాదు, చప్పుడు విని చెబుతాడు.

“టేకాకు మీద నడిస్తే అప్పడం నమిలినట్టయితది. గిక్కడ మంట పడితే మనిషెత్తు లేస్తది, కాని నిదానంగ పోతది. గడ్డిల నడిస్తే కొత్త చీర గుంజినట్టయితది. గక్కడ మంట ఉరుకుతది, మనం ఉరికినా అందది. వెదురు కాడ సప్పుడు ఉండది. గదే భయం. ఎండిన వెదురు పటాకుల లెక్క పేలి నిప్పు దూరం ఎగిరి పడతది.”

“మరి ఈ కాలిన చోట్లు?”

“గీడ ఏమున్నది కాలనీకి? మంట ఈడిదాక వచ్చి ఆగిపోతది. మేమే ఇప్పల కిందికి వచ్చి కూసుంటం, మంట ఎక్కువైతే.”

డైరీ తీసి రాసుకున్నాను. ఆ పేజీ అడుగున ఉన్న సలహా, వేసవిలో దుక్కి లోతుగా దున్నమని.

తిరిగి వచ్చేటప్పుడు ఆయన మమ్మల్ని వాగు ఒడ్డున ఒక గుబురు కిందికి తీసుకువెళ్లాడు. రాళ్ల మధ్య ఒక చెలమ, చేటంత ఉంటుంది. దోసిలితో తోడితే మళ్లీ ఊరుతోంది. పైన కొమ్మలు కప్పేసి ఉన్నాయి కాబట్టి ఏ ఉపగ్రహానికీ కనిపించదు. ఆ అడవిలో ఎండాకాలం నీళ్లు అక్కడే.

“దీని పేరేంటి తాతా?” అన్నాను.

“దీనికి పేరెందుకమ్మా? నీళ్లున్నయి కదా.”

మర్నాడు రెండో బీరువా తెరిచాను. తాళం మొదటిసారికే వచ్చింది. చలికాలం బొమ్మలో ఆ తొమ్మిది చోట్లా చెట్లు శుభ్రంగా కనిపించాయి. పావుగంట కూడా పట్టలేదు. పటం మళ్లీ చేశాం. కాలిన చోట్లను నిప్పుకి తిండి లేని చోట్లుగా మార్చాను. చప్పుళ్లను బట్టి ఆయన చెప్పిన మూడు రకాలూ బొమ్మలో ఎక్కడెక్కడ ఉన్నాయో పట్టుకోవడానికి వారం పట్టింది. పటం మూలన మీకు కనిపించే గంభీరమైన మూడు తరగతులు అవే. అప్పడం, కొత్త చీర, చప్పుడు లేనిది. మా సార్ ఆ పేర్లతోనే పిలుస్తారు, బయటివాళ్లు లేనప్పుడు. మా సార్ నన్ను ఏమన్నారని మీరు అడుగుతారు. ఆ రోజు తిరుగు దారిలో ఆయన బాలానగర్‌లో జీపు ఆపించారు. అక్కడ టీ తాగేటప్పుడు, “పేర్లు చూసి నేనూ పడిపోయానమ్మా. అడగాల్సింది నేను” అన్నారు. గ్లాసు కింద పెట్టి మళ్లీ, “అద్దం కుంట అనేది మాత్రం బాగుంది” అన్నారు.

తొమ్మిది పేర్లూ తుడిచేశాను. తుడిచేటప్పుడు కాస్త బాధ కలిగిందని డైరీలో ఉంది. చిన్నమ్మ కుంట ఆఖర్న తుడిచాను.

మరి కొంగల కుంట ఎలా మిగిలిందంటే, మిగల్లేదు. తిరిగి వచ్చింది.

పోయిన వేసవిలో పటం సరిచూడటానికి మళ్లీ వెళ్లాం. రేంజి ఆఫీసులో కూర్చుని టీ తాగుతుంటే, మూలన ఉన్న వైర్‌లెస్ సెట్టు గరగరలాడింది. ఎవరో వాచర్ గొంతు, పరుగు మీద ఉన్నట్టు:

“సార్, కొంగల కుంట కాడ పొగ లేస్తున్నది. గడ్డి దిక్కునుంచి వస్తున్నది.”

నా చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. రేంజర్ గారు లేచి, “కొంగల కుంటకు నలుగురిని పంపు, తాత వాళ్లను చెలమ దిక్కునుంచి రమ్మను” అని చెప్పి జీపు ఎక్కారు. ఎవరూ ‘అది ఎక్కడ’ అని అడగలేదు. గంటలో మంట ఆరిపోయింది. ఇప్పచెట్ల దాకా వచ్చి ఆగిందట, అక్కడ పచ్చి కొమ్మలతో కొట్టి ఆర్పేశారట.

వాచర్ తాత మసి మొహంతో తిరిగి వచ్చాక అడిగాను. “ఆ పేరు ఇంకా ఎందుకు తాతా? నీళ్లే లేవు కదా.”

“నీళ్లు ఎవనికి కావాలమ్మా అక్కడ? ఇంతకు ముందుగాల ఎట్లుండె? పెద్ద వాగు దాటినంక, జంట బండల మీదికెంచి ఎడమ చేతికి మళ్లితే, ఇప్పల తోపు, పెద్దది కాదు దాని పక్కది అని చెప్పాలె. అంత చెప్పేటాళ్లకు అడివి కాలిపోతుండె. ఇప్పుడు ఒక్క మాట. కొంగల కుంట. ఆ దినం నవ్వినం కదా, అందరికీ చెప్పిన. ఎవడూ మర్వడు.” మొహం మీది మసి తుడుచుకున్నాడు. “పువ్వు ఏరనీకి వచ్చే ఆడోళ్లు కూడా గదే అంటరు.”

“మిగతావి?”

“అవ్వెందుకు? ఆడ ఎన్నడు నిప్పు పడలె.” మళ్లీ నవ్వాడు. “చిన్నమ్మ కుంట మాత్రం మా మనవరాలు అడుగుతది, ఏడున్నదని.”

తిరిగి వచ్చాక సార్‌ని అడిగి, పటంలో ఆ పేరు మళ్లీ పెట్టాను. ఈసారి ప్లాటర్ అమ్మాయి పక్కనే నిలబడి చూసింది. మన ఆఫీసు అప్పటికే ఇక్కడికి మారింది. ఆమె పుట్టిన ఊరు కిటికీలోంచి కనిపించేది, మిగిలినంత మేర. “దొంగ బండ కూడా ఏడనన్న పెట్టరాదు?” అంది. ఆ పటం మనది కాదని చెప్పాను. “తెల్సులే,” అని కాగితం సర్దింది.

అదీ సంగతి. సోమవారం మీరు ఆ ఫైలు తెరుస్తారు. పాత పటాలతో పోల్చి చూస్తారు, చూడాలి కూడా. చలికాలం బొమ్మ తప్పకుండా తీసి చూడండి, తాళం పైకెత్తి తిప్పండి. తెలియనిదానికి ఒకటి, రెండు, మూడు అని అంకెలే వేయండి, అప్పుడే ఎవరో ఒకరు అడుగుతారు. అడవికి వెళ్లినప్పుడు ముందు వాచర్‌ని నడవనిచ్చి, వెనక నడుస్తూ చప్పుడు వినండి.

కొంగల కుంటని మాత్రం అలాగే ఉంచండి. అక్కడ కొంగల్లేవు, కుంట లేదు. మనుషులు ఆ పేరు విని పరుగెత్తుకు వెళుతున్నారు. పక్కన నీళ్ల గుర్తు మాత్రం పెట్టకండి.